ముందుగా వచ్చిన ఎర్ర గీత

నాన్నగారూ,

మీరు పోయాక నేను ప్లాన్లు గీస్తున్న మీ పాత కంప్యూటరు మొన్న ఆగిపోయింది. కొత్తపేట వాళ్ల ఇంటి ప్లాను ఈ సాయంత్రానికి ఇవ్వాలి. మేస్త్రీగారు ఫోను మీద ఫోను. పొద్దున్నే అమలాపురం వెళ్లి ల్యాప్‌టాప్‌ల షాపులో కూర్చున్నాను. తప్పుది కొంటే మళ్లీ కొనే స్తోమత లేదు.

షాపాయన సన్నగా మెరిసేవే చూపిస్తున్నారు. మెరుపు నాకెందుకు? అన్నిటికంటే చవకదాంట్లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఎక్కించమని, పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న, మీరు చివరగా గీసిన లంక ఊరి బడి ప్లాను తెరవమన్నాను. తెర తెల్లగా నిలిచిపోయింది.

"గ్రాఫిక్స్ కార్డు లేదు కదండీ, నెమ్మదిగా వస్తుందండీ" అన్నారాయన.

ముందు ఒక్క ఎర్ర గీత వచ్చింది. గోదావరి వరద ఎక్కిన మట్టం. ఎవరి ప్లానుకైనా మీరు మొదట గీసేది అదే. దాని పైన అరుగు వచ్చింది, తర్వాత మెట్లు, గోడలు, ఆఖర్న కిటికీలు. మీరు గీసిన వరసలోనే, పక్కన కూర్చుని గీస్తున్నట్టే వచ్చాయి.

కాస్త ఖరీదైన రెండోదాంట్లో బడి మొత్తం ఒక్కసారే వచ్చేసింది. నా పనికి అదే కావాలి. అదే ఇమ్మన్నాను.

ఆయన బిల్లు రాస్తుంటే ఉండబట్టలేక అడిగాను.

"ఆ మొదటిదాంట్లో ఇంకొక్కసారి తెరుస్తారాండీ?"

"అది వద్దన్నారు కదమ్మా?"

"ఆయ్, వద్దండీ. ఒక్కసారి చూస్తానంతే."