నీ పేరున్న ఫైలు

ఒరేయ్ తమ్ముడూ,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నామని రాయాలి కాబట్టి రాస్తున్నాను. అమ్మ మోకాలి గురించి అడిగావు. పట్టీ వేసుకోమంటే విప్పి కుర్చీకి తగిలిస్తోంది, నొప్పెలా ఉందంటే నన్నే కసురుతోంది. అంటే బాగానే ఉన్నట్టు. నీ కూతురికి పళ్ళొచ్చాయా? ఫోటో పంపు.

ఇక నీకొచ్చిన నోటీసు సంగతి. పసిపిల్లల వార్డుల కోసం మనం పదిమందిమి ఉద్యోగాలు చేసుకుంటూ ఊరికే రాసిచ్చిన, బరువుని బట్టి మందు మోతాదు లెక్కగట్టే ఆ ప్రోగ్రాం వల్ల, కిలోన్నర పాపకి వారం రోజులు రెండు కిలోల బిడ్డకివ్వాల్సిన మందు ఎక్కించారు. పాపకి వినికిడి పోయింది. "పూచీ లేదని లైసెన్సులో రాశాం కదా, చాలదా?" అన్నావు. నేనూ అదే పట్టుకుని లాయరమ్మ దగ్గరికి పరుగెత్తాను. "ఆ షరతుకి ఆసుపత్రి ఒప్పుకుందమ్మా, పాప ఒప్పుకోలేదు కదా" అంది. పైగా ప్రతి ఫైలు నెత్తినా రాసినవాళ్ళ పేరు, కాపీరైటు వాళ్ళదేనని పెట్టడం మన పద్ధతాయె. "హక్కు నాదే, తప్పు మాత్రం నాది కాదంటే జడ్జి ఏమంటారో నేను చెప్పలేను" అంది.

రాజీ మాటలకని పాప తండ్రినీ అక్కడికే పిలిచారు. టైల్స్ పరిచే మనిషి. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. ఒళ్ళో ఉన్న పాప చెవి దగ్గర గట్టిగా చప్పట్లు కొట్టాడు. నేను ఉలిక్కిపడ్డాను. పాప నా పెన్ను వైపు చూసి నవ్వుతూనే ఉంది. "ఇదండీ సంగతి" అన్నాడు.

"బరువుని పై అంకెకు సవరించే ఆ లైను రాసినట్టు గుర్తు లేదు గానీ, నా పేరుంది కాబట్టి నేనే రాసుంటాను. గురువారం విచారణలో ఒప్పేసుకుంటాను" అని రాశావు. ఆగరా బాబూ. గుర్తెలా ఉంటుంది? అది నువ్వు రాయలేదు.

ఆరేళ్ళ కిందట నువ్వు ఉద్యోగం లేక గది తలుపేసుకుని కూర్చున్నప్పుడు ఆ ఫైలు రాసే పని నీ చేతిలో పెట్టాను. నువ్వు రాసింది పనిచేయలేదురా. ఆ మాట నీతో అనడానికి నాకు నోరు రాలేదు. మొత్తం తుడిచేసి నేనే రాశాను, పైన నీ పేరుంచి, నీ పేరుతోనే ప్రోగ్రాంలో చేర్చాను. అది చూపించే నువ్వు ఉద్యోగం తెచ్చుకున్నావు. నువ్వు గంతులేస్తుంటే మంచిపనే చేశాననుకున్నాను. ఇన్నాళ్ళ నీ సంతోషం ఇప్పుడు నేనే లాగేసుకుంటున్నాను. నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు, పడతాను.

లాయరమ్మకి నిన్ననే చెప్పాను. నమ్మలేదు. "తమ్ముడి కోసం ఏ అక్కయినా ఇదే చెబుతుంది. రుజువేదమ్మా?" అంది. రుజువు లేదు. రికార్డులో తేదీలతో సహా అంతా నీ పేరే. ఎవరికీ అనుమానం రాకూడదని అంత జాగ్రత్త పడ్డాను మరి, నా తెలివి తగలెయ్య! నేను దాన్ని రాసిన పాత కంప్యూటరు ఎప్పుడో పారేశాం.

బరువుని పై అంకెకు ఎందుకు సవరించావని గురువారం అడుగుతారు. కారణం నాకు తెలుసు, నీకు మాత్రం రాయను. రాస్తే నన్ను తప్పించడానికి అదే అప్పజెప్పేస్తావు, నీ సంగతి నాకు తెలియదూ! తెలియదని చెప్పు. రాసింది నేను కాదని చెప్పు. ఆఫీసులో తలవంపులే, ఉద్యోగమూ పోవచ్చు. అదీ నేను చేసిందే. అయినా చెప్పరా. నువ్వు కాదన్నాక నేను ఆ కారణం చెబితేనే, రాసింది నేనని నమ్ముతారు. ఆ తండ్రి శాపం నీ ఇంటికి రాకూడదు.

ఇట్లు,
ఆ ఫైలు రాసిన
మీ అక్క