ఓడిపోం అన్న పాట

బావకి,

ఫోన్లో నోరు రాక ఇలా రాస్తున్నాను. మన బ్యాండ్‌ను మళ్లీ కూడగట్టి చేస్తానంటున్న ఆ కచేరీకి నేను రాను.

నిన్న మన పాత క్యాసెట్ వేసి విన్నాను. ఎనభైల్లో ఆకాశం దద్దరిల్లిందనుకున్నాం కదా. ఇప్పుడు వింటే డ్రమ్ములు ఖాళీ గోదాములో కొట్టినట్టున్నాయి. నా గిటారు సందు దొరికితే చాలు, మెలికలు తిరుగుతుంది. పల్లవిలో నువ్వు "మేం ఓడిపోం, ఓడిపోం" అని గొంతు చించుకుంటున్నావు. అప్పటికి మనం పోగొట్టుకున్నదేముంది బావా? హాలంతా పిడికిళ్లు లేచాయంటే లేవవూ మరి, వాళ్లదీ మన ఈడేగా.

అసలు సంగతి పాట కాదు. అక్క పోయాక నువ్వు నా గుమ్మం తొక్కలేదు. నా మొహంలో ఆవిడ పోలికలు చూడలేకేమోనని సర్దిచెప్పుకున్నాను. పగలంతా దుకాణంలో ఎవరెవరి గిటార్లకో తీగలు మారుస్తాను. ఇంటికొస్తే పలకరించే దిక్కు లేదు. ఇన్నాళ్లకి ఫోన్ చేసి "వాయిస్తావా?" అన్నావు. ఎలా ఉన్నావని అడగలేదు.

ఇంకెవరినైనా చూసుకో.

బొజ్జ వచ్చినా నీకు
బక్కోణ్ణే

*

బావా,

నా ఉత్తరం అందగానే దుకాణానికొచ్చి, గిరాకీల మధ్య నిలబడి, "ఎలా ఉన్నావురా?" అన్నావు. ఆ మాటకే గిటారు భుజానికెత్తుకున్నాను.

నిన్న కచేరీలో పల్లవి దగ్గర నీ గొంతు పైకి లేవలేదు. ఆగిపోయావు. నేను గిటారు హోరు కట్టేసి, శ్రుతి తగ్గించి, మెల్లగా మీటాను. నువ్వు "ఓడిపోం" అని ఎవరినో బతిమాలినట్టు పాడావు. ఒక్క పిడికిలీ లేవలేదు. ముందు వరసలో ఒకాయన పక్కనున్న ఖాళీ కుర్చీ మీద చెయ్యి వేసి, పాట అయ్యేదాకా అలాగే ఉండిపోయాడు. ఆ పాట మన వయసుకి ఇప్పుడొచ్చిందనిపించింది.

తర్వాత సామాన్లు సర్దుతూ అన్నావు: "పొద్దున్నే అలవాటుగా ఇద్దరికీ టీ పెడతాన్రా. నీ దగ్గరికొస్తే ఏడుస్తానని రాలేదు."

నేను వైర్లు చుడుతూ కూర్చున్నాను. అప్పుడు అనలేనిది ఇప్పుడు రాస్తున్నాను. నా గదిలో బీరువా ఇటు జరిపితే రెండో మంచం పడుతుంది. జరిపాను. గురక పెడతావని అక్క ఎప్పుడూ సణిగేది. పెట్టుకో. వచ్చెయ్.

నీ
బావమరిది