బోర్డు మీద నీ ముఖం

నాయనా రొగేలియో,

నువ్విప్పుడు మేయర్‌వి. అయినా నాకు ఇలా పిలవడమే వచ్చు.

పోయిన నెల నీ మనుషులొచ్చి మన వీధి బాస్కెట్‌బాల్ బోర్డు నిండా నీ ముఖం వేసి వెళ్లారు. బాగానే ఉంది. కానీ పిల్లలు బంతి వేస్తే నీ ముక్కుకే తగులుతోంది. మీ అమ్మ కొబ్బరి ఈనెల చీపురు పట్టుకుని అక్కడే కూర్చుంటోంది.

"సినిమాల్లో వాడు విలన్ వేషాలేసి తన్నులు తింటే, డబ్బులిస్తున్నారు కదా అని ఊరుకున్నాను. మీరేమిస్తార్రా?" అని తరుముతోంది.

పిల్లలు ఆట మానేశారు. మనీలా టీములోకి వెళ్లకముందు, బంతిని బోర్డుకి కొట్టి వలలో వేయడం నువ్వూ అక్కడే నేర్చుకున్నావు.

మీ అమ్మకి చెప్పి చూశాను. "వాడి ముఖం చూసి ఎన్నాళ్లయిందో నీకు తెలీదా తమ్ముడూ? అదన్నా ఉండనీ" అంది.

తెల్లరంగు నా దగ్గరుంది. నువ్వు సరేనంటే నేనే పూస్తాను. ఆదివారం చర్చి అయ్యాక ఇంటికి రా, మీ అమ్మ చేపల పులుసు, అదే నీ సినిగాంగ్, వండుతుంది. నువ్వొచ్చి కూర్చున్నాకే బ్రష్ పట్టుకుంటాను. ముందే పూస్తే ఆ చీపురు నా మీదికొస్తుంది.

నీ మేనమామ