అండమాన్‌లో ఎగరని డ్రోన్

కోదాడ,
18-11-2025.

అలివేలు వదినకు గోపిక నమస్కరించి రాసేది. తప్పులుంటే మన్నించండి. ఏడో తరగతితో బడి మానేసిన చెయ్యి, అక్షరాలు వంకర పోతాయి. మేమిద్దరం క్షేమం. మీ తమ్ముడు మాత్రం నాతో మాట్లాడటం లేదు.

వచ్చే ఆదివారం మిర్యాలగూడ వెళ్లి రైస్ మిల్లు వాళ్లకు క్షమాపణ చెప్పమన్నారు. తప్పయింది అంటే నీ నోట్ల ముత్యాలు రాలుతయా అన్నారు. లేకుంటే వాళ్లబ్బాయి నితిన్ పెళ్లి వీడియో పని మనకు రాదన్నారు. నేను వెళ్లను అన్నాను వదినా, అప్పటి నుంచే ఆయన అలక. ఫోన్‌లో మీరు నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు, అందుకే రాస్తున్నాను.

పెళ్లికి ముందు వీడియో తీయడానికి నితిన్, అతను చేసుకోబోయే స్పందన మమ్మల్ని అండమాన్ తీసుకెళ్లారు కదా. బయలుదేరే ముందే అక్కడి డ్రోన్ నియమాలు ఫోన్‌లో తెలుగులోకి మార్చుకుని, వేలు పెట్టి రెండుసార్లు చదివాను. ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆదివాసులుండే దీవుల వైపు పోనే కూడదు. తప్పితే డ్రోన్ గుంజుకుంటారు, కేసు పెడతారు. అన్నం వడ్డిస్తూ చెప్పాను. ఏడో తరగతి దానివి, నాకు రూల్స్ చెప్తున్నవా, ఆకాశం ఎవని జాగనే అని మీ తమ్ముడు నవ్వారు.

స్పందనకు అలాంటి ఆదివాసుల దీవే కావాలట, ఎవరూ తీయనిది తీయాలట. అక్కడివాళ్లు బయటివాళ్లను రావద్దనే అంటున్నారు. మీరు పెరట్లో స్నానం చేస్తుంటే పైన డ్రోన్ తిరిగితే రాయి అందుకోరా?

తీరా సముద్రం ఒడ్డున బ్యాగు తెరిస్తే డ్రోన్ ఉంది, బ్యాటరీలు లేవు. బ్యాగు సర్దేది ఎప్పుడూ నేనే. వదిన మెదడు గూడ కోదాడలనే మర్చిపోయినట్టుందన్నా అని మీ తమ్ముడితో అన్నాడు నితిన్. స్పందన నవ్వింది. మీ తమ్ముడూ నవ్వారు. నేను ఇసుక చూస్తూ నిలబడ్డాను.

పని పోతే పోనీ. కెమెరా ఉంది, చేతులున్నాయి. సూర్యాపేటలో పెళ్లిళ్లకు కొదవ లేదు.

మీ మరదలు,
గోపిక.

తా.క. మరిచిపోయినందుకు క్షమాపణ చెప్పమంటున్నారు. నేను మరిచిపోలేదు. బయలుదేరిన పొద్దున బ్యాటరీలు బ్యాగులోంచి తీసి నా చీరల నడుమ పెట్టాను. తిరిగొచ్చాక బల్ల కింద దొరికాయని అబద్ధమాడాను. డ్రోన్ పోయి, ఆయన పరాయి దేశంలాంటి చోట స్టేషన్ మెట్లెక్కడం నాకు ఇష్టం లేదు. రేపు మళ్లీ అలాగే అయినా మళ్లీ తీసేస్తాను. శనివారం ఆయనకు నేనే చెప్తాను. ఆ లోపల ఈ ఉత్తరం ఎవరి చేతిలోనూ పడకూడదు, చదవగానే పొయ్యిలో పెట్టండి. భయమై కాదు వదినా. ఆ మాట ఆయన నా నోటి నుంచే వినాలి.