సడలని గుండె

2009 ఫిబ్రవరి 12

పొద్దున్నే మటన్ అంగడికి పోయి ఐస్ డబ్బాలో రెండు గొర్రె గుండెలు ల్యాబుకు తెచ్చినా. గుండె కండరంలోంచి ఒక్క కణం విడదీసి, రెండు కొసలూ అంటించి, లాగి చూసినా. బిర్రుగా ఉండాది. పీకేజీ అనే ఎంజైము వేసినాక అదే కణం సులభంగా సాగింది. దాంట్లో స్ప్రింగు మాదిరి పనిచేసే ప్రొటీను టైటిన్. ఎంజైము దానికి ఫాస్ఫేటు తగిలిస్తే మెత్తబడుతుంది. మా గైడు మల్లికార్జున సార్ గ్రాఫు చూసి, మళ్ళీ చెయ్యమన్నాడు. అంటే ఆయనకు నచ్చినట్లే.

ఫిబ్రవరి 20

మడకశిర పక్క మా ఊరి నుంచి చిన్నమ్మ ఫోన్. చిన్నాయనకు ఆయాసమంట. గొర్రెల ఎంబడి గుట్ట ఎక్కలేకపోతాండాడంట. బీపీ మాత్రలు ఎప్పుడో మానేసినాడని ఇప్పుడు చెప్తాండాది. అనంతపురం పిల్చుకోని రమ్మన్నా.

ఫిబ్రవరి 24

ఎకో తీసినారు. పంపింగ్ బాగానే ఉండాదని డాక్టర్ అంటే చిన్నమ్మ నవ్వింది. రిపోర్టు నేను చదివినా. గుండె పిండుతాండాది, సడలడం లేదు. రక్తం నిండే చోటు లేక ఊపిరితిత్తుల్లోకి వెనక్కి తంతాండాది. ఒంట్లో నీరు దిగే మాత్రలు రాసిచ్చినాడు. నా పరిశోధన సంగతి చెప్పి, సడలించే మందు లేదా అని అడిగినా. దాని మీద పనిచేసేది మీరే కదమ్మా అన్నాడు. ఎగతాళికి అన్లేదు.

మార్చి 3

కరెంటు లేదు. పని కాలేదు.

మార్చి 15, ఆదివారం

ఊరికి పోయినా. దొడ్డి ఖాళీ. గొర్రెల్ని కన్నడపోళ్ళు కొని తోలుకోని పోయినారు. నాయన చచ్చిపోయినాక నా చదువు ఆ మంద మీదే నడిచింది. చిన్నాయన దిండ్లు పేర్చుకోని కూర్చోనుండాడు. పాదాలు వాచి, నొక్కితే గుంట పడతాండాయి.

నేనేం చేస్తాండానో అడిగినాడు. చెప్పినా. అదేదో తనకు సూదెయ్యమన్నాడు. అది గాజుపలక మీద కణంలోనే పనిచేస్తుందని, మనిషి గుండెకు చేర్చే దారి ఇంకా తెలీదని చెప్పాల్సొచ్చింది. చిన్నమ్మ నీళ్ళకు పోయినాక అన్నాడు.

"పాపా, గొర్రె గుండె గొర్రెదే గదా. నేను పోయినాక నాది కోసుకోని చూసుకో. మీ చిన్నమ్మకు నువ్వే చెప్పల్ల."

సరే అన్లేదు. వద్దనలేదు.

మార్చి 17

సార్‌కు చెప్పినా. ఇంట్లోవాళ్ళ సంతకం కావాలన్నాడు, పోయిన కొన్ని గంటల్లోనే తేవాలన్నాడు. ఫ్రీజర్లో ఒక అర ఖాళీ చేయించినాడు. ఆ తర్వాత నా ముఖం చూడలేకపోయినాడు.

ఏప్రిల్ 2

చిన్నాయన పోయినాడు. పొద్దున టీ తాగుతా తాగుతా ఒరిగిపోయినాడంట.

డబ్బా నిండా ఐసు పెట్టుకోని బస్సెక్కినా. దారి పొడుగునా చిన్నమ్మకు ఎట్ల చెప్పల్లో అనుకుంటానే ఉన్నా. పోయేసరికి ఆమె ఆయన రొమ్ము మీద చెయ్యేసి కూర్చోనుండాది. ఇంకా వెచ్చగానే ఉండాది, చూడమంది. చెయ్యి పెట్టినా. చల్లగా ఉండాది. అవును చిన్నమ్మా, వెచ్చగానే ఉండాది అన్నా.

మా అన్న తిమ్మన్న డబ్బా మూత తీసినాడు. చుట్టాలొచ్చే దాకా శవానికి పనికొస్తుందని, మంచి పని చేసినావని, ఐసంతా ఆయన పక్కన పేర్చినాడు.

అంతా అయినాక ఖాళీ డబ్బాతోనే బస్సెక్కినా.

ఏప్రిల్ 13

చిన్నమ్మ ఫోన్. ఆయన పోకముందు నాతో ఏమన్నా చెప్పినాడా అని అడిగింది.

ఏం చెప్పలేదన్నా.