సరిచూశాను

మార్చి 4, సోమవారం

అక్క నుంచి ఇవాళ మూడు మెయిళ్లు. మూడూ వైరస్ హెచ్చరికలే. ఫలానా మెయిల్ తెరిస్తే హార్డ్ డిస్క్ కాలిపోతుందట, తెలిసినవాళ్లందరికీ వెంటనే పంపాలట. ఇదంతా నిజమేనా అని అడిగితే నిప్పు లేనిదే పొగ రాదు కదే అంటుంది. ఏది విన్నా ఊరంతా మోగించే ఆమెకి ఇంట్లో గంట అని ఊరికే పేరు పెట్టలేదు.

ఆఫీసులోనూ ఇదే గోల ఉండేది. మాది యూనిఫారాలు కుట్టే చోటు. పైన ఆర్డర్లు చూసేవాళ్లం ఆరుగురం, కింద కటింగ్ రూమ్. అందరూ అందరికీ హెచ్చరికలు పంపుకుంటుంటే పడలేక పోయినేడాది నేనే ఒక పద్ధతి పెట్టాను. ఎవరికి ఏది వచ్చినా ముందు నాకు పంపాలి. నేను యాంటీవైరస్ కంపెనీ సైట్‌లో పుకార్ల జాబితా వెతుకుతాను. నిజమైతేనే పైన "సరిచూశాను" అని రాసి అందరికీ పంపుతాను. ఏడాదిలో నిజమని తేలినవి రెండే.

మార్చి 5

కటింగ్ మాస్టారు మెట్లెక్కి వచ్చారు. స్క్రీన్ మూల పసుపు గుర్తు వస్తోంది, వైరసేమో చూడమన్నారు. ప్రింటర్‌లో కాగితం అయిపోయిందని చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ముప్ఫై ఏళ్లు బట్ట మీద సుద్దముక్కతో గీసిన మనిషి. మూడేళ్ల కింద ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. మొదట్లో మౌస్‌ని ఇస్త్రీపెట్టెలా తోసేవారు. ఇప్పుడు కాలర్ వంపు స్క్రీన్ మీద దిద్దాలంటే ఆయన తర్వాతే ఎవరైనా. వెళ్తూ వెళ్తూ, నువ్వు సరిచూశావంటే ఇంక నేను చూసేదేముంది అమ్మాయ్ అన్నారు. నేను ఉబ్బిపోయాను. దాచడమెందుకు, బాగానే ఉబ్బిపోయాను.

మార్చి 7, గురువారం, ఉదయం 10.40

నాలుగు వందల నర్సు కోట్లకి సైజులు మార్చమన్నారు ఆసుపత్రివాళ్లు. ఫోన్ పెడితే మళ్లీ మోగుతోంది. ఈ మధ్యలో అక్క మెయిల్. మీ కంప్యూటర్‌లో కత్తెర బొమ్మ ఉన్న ఫైల్ కనిపిస్తే అదే వైరస్, వెంటనే డిలీట్ చేయండి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి అని. నా మెషీన్‌లో వెతికాను, లేదు. సైట్ ఎంతకీ తెరుచుకోలేదు. ఇది మా ఆఫీసు పెద్ద సారే పంపారు, ఇదైనా నమ్మవే అని అక్క ఫోన్‌లో వాయించింది.

"సరిచూశాను" అని రాసి పంపేశాను. తర్వాత చూడొచ్చులే.

మార్చి 8

చూడలేదు.

మార్చి 11, సోమవారం

పొద్దున్నే కింద నుంచి కేకలు. మాస్టారు కటింగ్ ప్రోగ్రామ్ తెరిస్తే, బట్ట కత్తిరించడానికి గీసుకున్న ప్యాటర్న్ ఒక్కటీ లేదు. సిస్టమ్స్ చూసే అతన్ని పిలిపించారు. అతని దగ్గర కాపీ ఉంది కానీ పోయిన జూన్‌ది. ఆ తర్వాత చేసిన నూట నలభై ప్యాటర్న్‌లు పోయినట్టే. వైరస్ జాడే కనిపించడం లేదే అని అతను తల గోక్కుంటుంటే, కత్తెర బొమ్మ ఫైల్ నేను తీసేశాగా, ఇంకెలా కనిపిస్తుంది అన్నారు మాస్టారు.

తర్వాత అందరి ముందూ చెప్పారు. అమ్మాయి గురువారమే హెచ్చరించింది, శనివారం దాకా నేనే మెయిల్ తెరవలేదు, నేను తీసేలోపే అది అంతా తినేసింది, తప్పు నాదే అని.

కత్తెరలతో బతికే చోటు ఇది. బట్టలు కత్తిరించే ప్రోగ్రామ్ తన ఫైల్‌కి కత్తెర బొమ్మ కాక ఇంకేం పెట్టుకుంటుంది? ఆయన తీసేసింది వైరస్‌ని కాదు, తన ప్యాటర్న్‌లన్నీ దాచుకున్న ఫైల్‌ని. అది అక్కడ నాకొక్కదానికే అర్థమైంది. నోరు తెరవలేదు.

అదే రోజు, సాయంత్రం 5.30

సైట్ తెరుచుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. జాబితాలో నాలుగో లైన్. పుకారు, ఏ ఫైలూ తీసేయకండి అని ఉంది. వెతకడానికి నిమిషం పట్టలేదు. ఆ హెచ్చరిక ఒక్కరోజు ఆగితే పుట్టి మునిగేది కాదు.

మార్చి 12

రెండు రోజులు మెయిల్ చూడని మనిషికి కంప్యూటర్ ఎందుకు అన్నారట ఓనరు. వచ్చే సోమవారం నుంచి స్క్రీన్ మీదకి కొత్త మనిషి, మాస్టారు మళ్లీ కటింగ్ టేబుల్ దగ్గరికి. ఆయన సరే అన్నారట.

అక్కకి ఫోన్ చేసి అరిచాను. అంతా విని, నిజమో కాదో చూడటానికి నువ్వున్నావన్న ధీమాతోనే కదే అన్నీ నీకు పంపేది అంది. అక్క ఏనాడూ సరిచూశానని రాయలేదు.

మార్చి 13

నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఈ వాక్యం నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు కొట్టేశాను.

చెబితే ఉద్యోగం పోదనుకుంటా. ఆ ఒక్క మాట పోతుంది. నేను సరిచూశానంటే పెద్దవాళ్లు కూడా మారుమాట లేకుండా నమ్మడం, అది పోతుంది. నాకు అదంటే ఇంత ఆశ ఉందని ఇవాళే తెలిసింది. సిగ్గుగా ఉంది.

మధ్యాహ్నం కిందికి వెళ్లాను. మాస్టారు పాత కోట్ల కుట్లు విప్పి, ముక్కలు గోధుమరంగు కాగితం మీద పరిచి, చుట్టూ గీస్తున్నారు. పోయినవాటిని అలా ఒక్కొక్కటీ వెనక్కి తెస్తున్నారు. నన్ను చూసి, నువ్వు చెప్పాల్సింది చెప్పావు, బాధపడకమ్మాయ్ అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 14, గురువారం, ఉదయం 9.15

పంపేశాను. ఓనరుతో సహా అందరికీ. ఇక్కడ కూడా రాసి పెట్టుకుంటున్నాను:

"పోయిన గురువారం నేను పంపిన హెచ్చరిక పుకారు. చూడకుండానే సరిచూశానని రాశాను. మాస్టారు నా మాట నమ్మి తన ప్యాటర్న్‌ల ఫైల్ తీసేశారు. ఆయన ఆలస్యం వల్ల పోయిందేమీ లేదు. ఆయన ఆలస్యం చేసిన ఆ రెండు రోజులూ ఆ ఫైల్ క్షేమంగానే ఉంది."

మధ్యాహ్నం 3

గదిలో ఎవరూ తలెత్తలేదు. ఓనరు పిలిచి గంటసేపు కడిగేశారు. ఇకపై హెచ్చరికలన్నీ సిస్టమ్స్ అతనికే వెళ్తాయి. కొత్త మనిషి మాట మాత్రం మానుకున్నారు. స్క్రీన్ మాస్టారిదేనట. ఆయన ఇంకా దాని ముందు కూర్చోలేదు. నాకు జవాబూ రాయలేదు.

మార్చి 15, శుక్రవారం

మాస్టారు మెట్లెక్కి వచ్చారు. చేతిలో నా మెయిల్ ప్రింటు. ఇది మీరే రాశారా, మీ పేరుతో ఇంకెవరైనా పంపారా, నమ్మేముందు సరిచూసుకుందామని వచ్చానండీ అన్నారు.

నేనే రాశానన్నాను. నీలం సుద్దముక్కతో కాగితం మీద టిక్కు పెట్టుకుని కిందికి వెళ్లారు. కాసేపటికి కంప్యూటర్ ఆన్ అయిన చప్పుడు వినిపించింది.

మూడేళ్లలో నన్ను మీరు అనడం ఇదే మొదలు.