ఎడమకే చూసిన ఏట్రింత

విరుదునగర్,
8 జూన్ 1998

గౌరవనీయులైన గోపాలసామి మామకు మేనల్లుడు ఈశ్వరన్ నమస్కారాలు.

పప్పు మండీలో నా ఉద్యోగం సాగుతోంది. పొద్దున మండీ తెరిచేలోపు రైల్వేస్టేషన్ మెట్ల మీద కూర్చొని పక్షుల బొమ్మలు గీస్తున్నాను. ఊరంతా మిరపకాయల ఘాటుకు తుమ్ముతుంటే అవి మాత్రం హాయిగా తిరుగుతున్నాయి. ఒక కరపత్రంలో చదివాను: కనిపించిందే గీయాలి, మనసులోది కలపకూడదు. ఇక అదే నా సిద్ధాంతం.

అసలు సంగతికి వస్తాను. పోయిన వేసవిలో మీకూ సత్యప్రియకూ మన తెలుగు అక్షరాలు నేర్పాను. మీకు నెల పట్టింది, మీ అమ్మాయికి వారం. అలాంటి పిల్లను టీచర్ ట్రైనింగుకు పంపకుండా నాగలాపురం పాలసామికి కట్టబెడతారా? మునియమ్మాళ్ పెద్దమ్మ మీకు అక్క కావచ్చు, దేశానికి రాజ్యాంగం కాదు! దరఖాస్తు వెంటనే పంపండి.

వేరే కాగితం మీద ఏట్రింత బొమ్మ ఉంది. పిడికెడు పిట్ట, గద్దను తరుముతుంది. చూసి ధైర్యం తెచ్చుకోండి.

ఇట్లు,
మూఢత్వానికి బద్ధశత్రువు,
ఈశ్వరన్

తా.క. బొమ్మను చూడ్డానికే పంపాను. పూజకు కాదు.

---

కోవిల్‌పట్టి,
14 జూన్

మా ఈశ్వరనుకు మామ చెప్పి, సత్యప్రియ చేత రాయించేది. అందరమూ సుకం.

నీ పక్షి వచ్చి చేరె. గోడకు అంటిస్తిమి. మూతి ఎడమ తట్టుకు ఉండాది. పిల్ల కార్యం మాట్లాడేటప్పుడు పక్షి కుడి తట్టు చూస్తే సరి, ఎడమ తట్టు చూస్తే నిలిపెయ్యాల. మన వాళ్ళ వాడుక నీకు తెలియనిదా? అందుకని అన్నీ నిలిపేస్తిని. చదువూ లేదు, కల్యాణమూ లేదు. నీ పక్షి తిరిగేదాకా పిల్ల ఇంట్లోనే ఉండును.

ఇంతే,
మామ గోపాలసామి

తా.క. నీ ఉత్తరం సత్యప్రియ అరుగు మీద గట్టిగా చదివె. రాజ్యాంగం అంటే ఏమిరా అని అక్క అడిగె. పెద్ద మర్యాద అని చెప్తిని. అక్కకు చాలా సంతోషం.

---

విరుదునగర్,
19 జూన్

మామకు ఈశ్వరన్ రాయునది. నమస్కారం ఈసారి సగమే.

నేనేమి పంపాను, మీరేమి చేశారు! పిట్టను చూసి పిల్ల చదువు ఆపుతారా? మనిషి చంద్రుడి మీద నడిచి ముప్పై ఏళ్ళు కావస్తోంది, మనం ఇంకా పిట్ట మూతి దగ్గరే ఆగిపోయాం!

శాస్త్రం చెబుతాను, వినండి. ఈ నెలల్లో గాలి పడమటి నుంచి వీస్తుంది. తీగ మీది పిట్ట గాలికి ఎదురుగానే కూర్చుంటుంది, లేకపోతే ఈకలు లేచిపోతాయి. నేను కూర్చునే మెట్ల నుంచి చూస్తే పడమర నాకు ఎడమవైపు. గాలి మారేదాకా విరుదునగర్‌లో ప్రతి పిట్టా నాకు ఎడమకే కనిపిస్తుంది. ఇందులో శకునం ఎక్కడుంది? మీ కోసం మూతి తిప్పి గీయమంటారేమో. గీయను! ఉన్నది ఉన్నట్టే గీస్తాను.

నిరూపణ కోసం గోరింకను పంపుతున్నాను. ఇదీ ఎడమకే చూస్తోంది. చూశారా?

ఇట్లు,
కోపంతో పెన్సిలు ముల్లు విరగ్గొట్టుకున్న,
ఈశ్వరన్

తా.క. శకునాలను పొయ్యిలో పెట్టండి. బొమ్మను మాత్రం వద్దు, రెక్క బాగా కుదిరింది.

---

కోవిల్‌పట్టి,
26 జూన్

మా కోపిష్ఠి అల్లునికి మామ దీవెనలు.

గోరింకనూ చూస్తిమి. అదీ ఎడమే. రెండు పక్షులు ఒకే మాట చెప్తే మనిషి ఏమి చేసును? నాగలాపురం వాళ్ళు తాంబూలం పట్టుకొని వచ్చి, గోడను చూసి, నీళ్ళు కూడా తాగకుండా పోయిరి. కుడి పక్షి వచ్చినాక చెప్పి పంపమనిరి.

ఇప్పుడు వీధంతా మన ఇంటికే వస్తా ఉండారు. తంగసామి ఇంకొక పవర్‌లూమ్ వేద్దామా అని గోరింకను అడిగె. ఎడమ చూసి మానుకొనె. మరునాడే కరెంటు మూడు పూటలు పోయె. "మీ అల్లుడు పెద్ద మనిషప్పా" అని బొమ్మను తాకి కండ్లకు అద్దుకొనిపోయె.

ఇంతే,
మామ

తా.క. మన వీధి సెల్లత్తాయి కోడి కనపడలేదు. ఏ తట్టు పోయెనో నీ తరువాతి పక్షిని అడిగి రాయమనె.

---

విరుదునగర్,
4 జూలై

మామా!

నమస్కారం లేదు. నేను మీకు జోస్యగాడినా? సెల్లత్తాయి కోడి నాకు ఉత్తరం రాసి పోయిందా? ఈ దేశాన్ని కరపత్రాలతో మార్చగలననుకున్నాను. మన ఇంటి గోడ మీదే నన్ను అంటించేశారు!

మూడు రోజులు నాలో నేనే యుద్ధం చేశాను. మూతి మార్చి గీస్తే నా సిద్ధాంతం చస్తుంది. గీయకపోతే సత్యప్రియ చదువు చస్తుంది. చివరికి దారి దొరికింది. పట్టాల మీది వంతెన దాటి అవతలి ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళాను. అక్కడి నుంచి చూస్తే పడమర నా కుడివైపు. అదే తీగ, అదే గాలి, అదే ఏట్రింత. కుడికి చూస్తోంది! అబద్ధం ఒక్క గీత కూడా లేదు.

రైల్వే పోలీసు వచ్చి, "ఏమప్పా, సిగ్నల్ కంబాన్ని ఎందుకు గీసుకుంటావు? ఎవరు పంపిరి?" అన్నాడు. పక్షి అన్నాను. "పక్షి ఆ తట్టు నుంచి కనబడదా?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మన కులమంతటినీ వివరించాలి. బొమ్మ అయ్యేదాకా పక్కనే నిలబడి, ముక్కు ఇంకొంచెం వంచమని సలహా కూడా ఇచ్చాడు.

ఈ కుడి పక్షి చదువు కోసం. చదువు కోసం మాత్రమే! దరఖాస్తు పంపండి.

ఇట్లు,
ఓడి గెలిచిన,
ఈశ్వరన్

తా.క. సెల్లత్తాయి కోడిని కూర వండిన వాసన ఏ తట్టు నుంచి వచ్చిందో అటు వెతకమనండి.

---

కోవిల్‌పట్టి,
8 జూలై

ఒరే ఈశ్వరా,

కొంప ముంచితివి కదరా!

ఇది నేనే రాసేది. అక్షరాలు వంకర, ఓర్చుకో. ఇంతవరకు రాయించినవన్నీ అరుగు మీద అక్క పక్కన కూర్చొని ఉండగా రాయించినవి. ఇప్పుడు అక్క కోవిలకు పోయి ఉండాది.

దరఖాస్తు నీ మొదటి ఉత్తరం రాక ముందే పోయినాది. సీటు కూడా వచ్చె. ఇంకా తొమ్మిది దినాలకు ఆడి నెల పుట్టును, అప్పుడు చేరాల. ఆడిలో ఎవరూ కల్యాణం మాట్లాడరు. అంతవరకు నాగలాపురం వాళ్ళను నిలబెడితే పిల్ల బస్సు ఎక్కిపోవును. తల్లి లేని నన్ను ఎత్తి పెంచిన అక్కకు నేను ఎదురు చెప్పలేనురా. పక్షి చెప్పును. పక్షి మీద ఎవరు కోపించుకొందురు? అదీ శకునాన్ని పొయ్యిలో పెట్టమనే వాని చేతి పక్షి! "నమ్మనివాడు గీసినాడు, వాడు మన కోసమా మూతి తిప్పును?" అని అక్కే వీధంతా చెప్పె.

నీ గాలి సంగతి సత్యప్రియ గట్టిగా చదవలేదు. అక్కడ దగ్గు వచ్చినట్టు చేసి దాటేసె. నాకు మాత్రం ఆ రాత్రే నిద్ర పట్టె. గాలి మారేదాకా నీ పక్షి తిరగదు కదా! నేను పక్షిని నమ్మలేదురా, గాలిని నమ్మితిని. నువ్వు వంతెన దాటుతావని ఎవరికి తెలుసు?

ఈసారి కవరును అక్కే చించె. అక్కకు అక్షరం తెలియదు, మూతి తెలుసు. "ఇది చదువుకు వచ్చిన పక్షి అక్కా" అంటిని. "చదువు అని దాని రెక్క మీద రాసి ఉండాదా?" అనె. నాగలాపురానికి మనిషి పోయినాడు. ఆదివారం తాంబూలానికి వత్తురు.

మళ్ళీ మెట్ల తట్టుకు పోరా. రెండు పక్షులు, పెద్దవి, ఎడమకు. శనివారం లోపల చేరాల.

ఇంతే,
నీ మామ గోపాలసామి

తా.క. ఇది చదివి నీ కోపం తగ్గిపోయి ఉండును. తగ్గించుకోవద్దు. నువ్వు మర్యాదగా రాస్తే అక్కకు అనుమానం వచ్చును. నన్ను బాగా తిట్టి రాయి.